మెడ పొడుగు, తోక పొడుగు

పర్లాకిమిడిలో మా పెరటికోడి పదకొండు పిల్లల్ని చేసింది. గద్ద నీడ గోడ మీద పాకిందో లేదో, తల్లి గొంతులో ఒక జీర, పిల్లలన్నీ రెక్కల కింద. ఒకటి మాత్రం బకెట్ వెనక నక్కింది, కదిలితే ఒట్టు. పుట్టి మూడు రోజులు కాలేదు. ఓటరు కార్డు కూడా లేదు. ఎంత తెలివో!

1937లో ఆస్ట్రియాలోని ఆల్టెన్‌బర్గ్‌లో లోరెంజ్, టింబర్గెన్ అనే ఇద్దరు జంతుశాస్త్ర పెద్దలు అట్టతో ఒక పక్షి బొమ్మ కోసి, పక్షిపిల్లల నెత్తి మీదుగా తాడు మీద లాగారు. పొడుగు కొస ముందుంటే పెద్దబాతు మెడ, భయం లేదు. అదే బొమ్మను తిప్పి లాగితే పొడుగు కొస గద్ద తోక అయింది, పిల్లలు పరుగో పరుగు.

ఈ మాత్రానికి ఆస్ట్రియా ఎందుకు? మా వీధికి రావాల్సింది. ఎన్నికల ముందు అభ్యర్థి నాలుగు మూరల మెడ చాచుకుని వస్తాడు, "ఏటి పిన్నీ, మోకాళ్లు ఎలాగున్నాయి?" అంటూ. పెద్దబాతే. గెలిచాక అదే మనిషికి మెడ ఉండదు, కారు అద్దం వెనక్కి పోతుంది. వెనకాల మాత్రం బళ్ల తోక. మా పిన్ని హారతి పళ్లెంతో ఎదురెళ్తుంది.

1961లో ష్లైట్ అనే ఆయన టర్కీ కోళ్లతో ఇదంతా మళ్లీ పరీక్షించి, ఆకారం కాదు, అరుదుగా కనబడేదే వాటిని బెదరగొడుతుందన్నాడు. నేనూ బిస్కెట్ల అట్టపెట్టె కోసి, మునగచెట్టు నుంచి డాబా దాకా తాడు కట్టి లాగాను. మొదటిరోజు గోలగోల. నాలుగోరోజుకి కోడి దాని కిందే మట్టి గీరుకుంటోంది. ఐదోరోజు తాడు తెగి అట్ట కింద పడితే, ఎక్కి రెట్ట వేసింది. మేమింకా అంత ఎదగలేదు.

మరి ఐదేళ్లకోసారి కనబడే మనిషిని చూసి వీధంతా మంచాల కింద దూరాలి కదా? అక్కడే కుక్కల మీద ప్రయోగాలు చేసిన రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ గారు అడ్డొస్తారు. మాంసం నోట్లో పడితే కుక్కకు చొల్లు కారడం పుట్టుకతో వచ్చింది, చప్పుడు వినగానే కారడం అలవాటుతో వచ్చింది. మాకు బిరియానీ పొట్లం మొదటిది, ఆటో మైకు రెండోది. మైకు ముందు ఒడియాలో, తర్వాత తెలుగులో అరుస్తుంది. 1936లో ఒడిశాలో కలిసినవాళ్లం, రెండు భాషల్లోనూ నోరూరుతుంది.

నిన్న మైకు ఆటో సందు తిరిగింది. మా బావ చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి లేచాడు. కోడి మాత్రం పదకొండింటినీ రెక్కల కిందికి లాక్కుంది. పొట్లంలో ఏముంటుందో దానికెవరు చెప్పారో!