ఓడితే ఓడండి, కాస్త పెందలాడే ఓడండి

సియాటిల్ మెరీనర్స్ బేస్‌బాల్ జట్టు యాజమాన్యం వారి దివ్యసముఖమునకు, బెల్‌వ్యూ వాస్తవ్యుడు, ఇద్దరు పిల్లల తండ్రి, ఈమధ్యే బీపీ మాత్రలు మొదలుపెట్టినవాడు అయిన ఒక అభిమాని వ్రాసుకొను విన్నపము ఏమనగా: మిమ్మల్ని గెలవమని అడగడం లేదు. అది అడిగి అడిగి మా పెద్దవాళ్ల నోళ్లు నొప్పి పుట్టాయి. మాది చిన్న కోరిక. ఓడాలని నిశ్చయించుకున్న రోజు దయచేసి పెద్ద తేడాతో ఓడండి. వీలైతే పిల్లలు పడుకోకముందే ఓడండి.

దీన్ని వెటకారంగా తీసుకోవద్దని మనవి. ఇది ప్రజారోగ్యానికీ, కొంతవరకు కందిపప్పుకీ సంబంధించిన సమస్య.

తొమ్మిది ఇన్నింగ్స్ ఆటలో మూడో ఇన్నింగ్స్‌కే 8-0తో వెనకబడ్డారనుకోండి. నేను టీవీ కట్టేస్తాను. బియ్యం కడుగుతాను. చిన్నదాని చేత పదమూడో ఎక్కం చెప్పిస్తాను. పదింటికల్లా పడుకుని మర్నాడు ఆఫీసులో మనిషిలా మాట్లాడతాను. ఓటమి అంటే అలా మర్యాదగా ఉండాలి. అదే 3-2తో వెనకబడ్డారనుకోండి. తొమ్మిదో ఇన్నింగ్స్, ఇద్దరు ఔట్, మూడోవాడూ ఔటైతే ఆట అయిపోయినట్టే, మూడో బేస్ మీద మనవాడు నిలబడి ఉంటాడు. ఇంకో తొంభై అడుగులు పరిగెడితే స్కోరు సమం. వంటింట్లో కుక్కర్ కూస్తుంది. అది మూడో కూతో, అయిదో కూతో ఎవడికి తెలుసు? బంతి వేసే పిచర్ టోపీ సర్దుకుంటాడు. ఆ బంతి పట్టే క్యాచర్ కేసి చూసి తల అడ్డంగా ఊపుతాడు. మళ్లీ టోపీ సర్దుకుంటాడు. ఆలస్యం కాకూడదని గడియారం పెట్టి, బేస్ మీద మనిషుంటే 18 సెకన్లలో బంతి వెయ్యాలని రూలు తెచ్చారు గానీ, ఆ 18 సెకన్లలో నాకు ఇంటి అప్పు, పిల్లల చదువులు, పోయిన మా తాతగారు అందరూ గుర్తొస్తారు. బంతి వస్తుంది. మనవాడి బ్యాట్ గాలిని కొడుతుంది. అంతే. మా ఆవిడ మేడ మీద నుంచి దిగుతూ, "ఎవరు గెలిచారని అడగన్లెండి, పప్పు మాడిన వాసన వస్తోంది" అంటుంది.

పెళ్లి సంబంధాల సంగతి తెలిసినవాళ్లకి ఈ తేడా విడమర్చి చెప్పక్కర్లేదు. జాతకాలు కుదర్లేదని మొదటి ఫోన్లోనే చెప్పేస్తే ఎవరికీ బాధ ఉండదు. అదే మండపం మాట్లాడి, వంటవాళ్లకి అడ్వాన్సు ఇచ్చి, మేళం మోగి, జీలకర్రా బెల్లం వేళకి పీటల మీద ఆగిపోతే ఆ ఇంట్లో మూడు తరాలు చెప్పుకుంటారు. 11-2 మొదటి రకం, 4-3 రెండో రకం. మా జట్టు ఏటా పీటల దాకా వస్తుంది. అడ్వాన్సు ఏటా మేమే ఇస్తాం.

చెత్త జట్టయితే ఈ అర్జీ రాసే అవసరమే వచ్చేది కాదు. చెత్త జట్టుని ప్రేమించడం చాలా తేలిక, అందులో వైరాగ్యం మొదట్నుంచీ ఉంటుంది. మెరీనర్స్ అలా కాదు. 1977లో పుట్టిన ఈ జట్టు 2001లో 162 మ్యాచుల్లో 116 గెలిచింది. అంతకుముందు అన్ని గెలిచింది 1906 నాటి చికాగో కబ్స్ ఒక్కటే. ఇంత ఘనకార్యం చేసి ఆ ఏడు ప్రపంచ సిరీస్, అంటే లీగ్ ఫైనల్, ఆడిందా అంటే, లేదు, న్యూయార్క్ యాంకీస్ చేతిలో ఓడి ఇంటికొచ్చింది. మేజర్ లీగ్‌లో ఉన్న 30 జట్లలో, 2025 సీజన్ ముగిసేనాటికి ప్రపంచ సిరీస్ గడప తొక్కనిది ఇదొక్కటే. గెలవడం సంగతి కాదు నేను చెప్పేది, ఆడటం సంగతి.

ఒక్క పరుగు తేడాతో ఓడటంలో ఈ జట్టు ఎంత ఆరితేరిందంటే, మ్యాచులు చాలక సీజన్లు కూడా అలాగే ఓడటం నేర్చుకుంది. 2023లో 88 మ్యాచులు గెలిచింది. ప్లేఆఫ్స్‌కి వెళ్లిన టొరంటో 89 గెలిచింది. సరే, మరుసటేడు చూద్దామనుకున్నాం. 2024 జూన్‌లో డివిజన్‌లో, అంటే తన అయిదు జట్ల గుంపులో, పది మ్యాచుల ఆధిక్యంలో ఉంది. ఆ ఆధిక్యం నెల తిరిగేసరికి కర్పూరంలా హరించుకుపోయింది. ఆఖరికి 85 గెలిచింది. లోపలికి వెళ్లిన డెట్రాయిట్, కాన్సస్ సిటీ చెరో 86 గెలిచాయి. రెండేళ్లు, 324 మ్యాచులు. ఏడాదికొక్క మ్యాచ్ తక్కువైంది. ఇప్పుడు నేను రాత్రిళ్లు పడుకుని ఆ ఒక్క మ్యాచ్ ఏదై ఉంటుందా అని వెతుక్కుంటాను. ఏప్రిల్‌లో ఏదో మంగళవారం, చలి గాలి, సగం ఖాళీ స్టేడియం, ఎవరో బేస్ నుంచి బేస్‌కి కొంచెం బద్ధకంగా పరిగెత్తి ఉంటారు. అదే అయ్యుంటుంది.

2023 సీజన్ ముగిశాక బేస్‌బాల్ వ్యవహారాలు చూసే పెద్దాయన జెర్రీ డిపోటో విలేకరుల ముందు కూర్చుని ఒక లెక్క చెప్పారు. పదేళ్ల పాటు 54 శాతం మ్యాచులు గెలుస్తూ పోతే ప్రపంచ సిరీస్ దానంతటదే వస్తుందన్నట్టు సెలవిచ్చారు. ఓపిక పట్టమని అడగడం కూడా అభిమానులకి తాము చేస్తున్న మేలే అన్నట్టు మాట్లాడారు. నేను వెంటనే కాలిక్యులేటర్ తీశాను. 88ని 162తో భాగిస్తే 54.3. అంటే ఆ ఏడాది లక్ష్యం సాధించారన్నమాట! టార్గెట్ దాటి మూడు దశాంశాలు ఎక్కువే తెచ్చారు, ప్లేఆఫ్స్ రాకపోతే అది వాళ్ల తప్పా? మా ఇంట్లో ఈ పద్ధతి ఎందుకు అమలు కాలేదో అని బాధేసింది. ఇంటర్లో లెక్కలకి 54 శాతం తెచ్చుకున్నప్పుడు, "నాన్నా, పదేళ్ల పాటు ఇలాగే తెస్తూ పోతే ఐఐటీ దానంతటదే వస్తుంది, ఓపిక పట్టమని అడగడం మీకు నేను చేస్తున్న మేలు" అని చెప్పే తెలివి నాకు లేకపోయింది. ఆయన చేతిలో అప్పుడు బెల్టు ఉంది.

ఈ ఒక్క పరుగు తేడా మ్యాచులన్నీ అదృష్టమేనని లెక్కలవాళ్లు అంటారు. వాళ్ల దగ్గర పైథాగరస్ పేరుతో ఒక సూత్రం ఉంది, బిల్ జేమ్స్ కనిపెట్టింది. కొట్టిన పరుగుల వర్గం, ఇచ్చిన పరుగుల వర్గం తీసుకుంటే ఏ జట్టు ఎన్ని గెలవాలో చెప్పేస్తుంది. 2021లో మా జట్టు కొట్టినవాటికంటే 51 పరుగులు ఎక్కువ ఇచ్చింది. సూత్రం ప్రకారం 75 దగ్గర ఆగాలి. గెలిచింది 90. ఎలాగంటే, ఒక్క పరుగు తేడా మ్యాచుల్లో 33 గెలిచి 19 ఓడింది. అప్పుడు లెక్కలవాళ్లు ముక్కు మీద వేలేసుకుని "ఇది నిలవదు, వట్టి అదృష్టం" అన్నారు. పోనీ ఓడినప్పుడైనా "ఇదీ అదృష్టమే, మీ తప్పు లేదు" అని ఓదార్చారా అంటే, "చెప్పాంగా, లెక్క సరిపోయింది" అన్నారు. గెలిస్తే గాలివాటం, ఓడితే గణితం. ఆ 90 గెలుపులతో కూడా ప్లేఆఫ్స్ రాలేదన్న సంగతి వేరే చెప్పాలా?

2022 గురించి రాయకూడదనుకున్నాను. కానీ రాయకపోతే అర్జీకి బలం రాదు.

ఆ ఏడు 21 ఏళ్ల తర్వాత ప్లేఆఫ్స్‌కి వెళ్లాం. టొరంటోని దాటాక హ్యూస్టన్‌తో సిరీస్, అయిదింట్లో మూడు గెలవాలి. హ్యూస్టన్‌లో మొదటి మ్యాచ్, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో 7-5తో మనదే పైచేయి. వాళ్ల యోర్డాన్ అల్వారెజ్ అనే మహానుభావుడు ఒక్క దెబ్బకి మూడు పరుగులు లాగాడు. 8-7. రెండోది కూడా పోయింది. మూడోది అక్టోబరు 15న సియాటిల్‌లో. ఊళ్లో ప్లేఆఫ్ మ్యాచ్ చూడక 21 ఏళ్లయింది, జనం పండగకొచ్చినట్టు వచ్చారు. తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యేసరికి 0-0. సమమైతే తేలేదాకా ఆడాల్సిందే. పన్నెండు, 0-0. పదిహేను, 0-0. అంటే, బిర్యానీకి పిలిచి, విస్తరి వేసి, నీళ్లు చల్లి, ఆరు గంటలు కూర్చోబెట్టారన్నమాట. ఈలోగా జనం తలల మీద బూట్లు పెట్టుకున్నారు. అవును, బూట్లే. నెత్తిన పాదరక్ష పెట్టుకుంటే జట్టుకి కలిసొస్తుందని ఆ ఏడాది పుట్టిన నమ్మకం. నాకు భరతుడు గుర్తొచ్చాడు. ఆయనా రాముడి పాదుకలు నెత్తిన పెట్టుకున్నాడు. ఆయనకి పద్నాలుగేళ్ల గడువని ముందే చెప్పారు, చెప్పిన రోజుకి రాముడొచ్చాడు. ఇక్కడ గడువు చెప్పే నాథుడే లేడు. 18వ ఇన్నింగ్స్‌లో హ్యూస్టన్ ఆటగాడు జెరెమీ పేన్యా హోమ్ రన్, మన సిక్సర్ లాంటిది, కొట్టాడు. 1-0. ఆరు గంటల 22 నిమిషాలు. రెండు మ్యాచులంత ఆడి మన జట్టు కొట్టిన పరుగులు సున్నా. జనం బూట్లు కాళ్లకి తొడుక్కుని ఇళ్లకి వెళ్లారు.

ఇన్ని చూశాక శాస్త్రం మీద నమ్మకం పోవడంలో వింత లేదు. 2025 సెప్టెంబరులో ఒక అభిమాని ఎట్సీ అనే ఆన్‌లైన్ అంగట్లో ఒక మంత్రగత్తెకి డబ్బు కట్టి జట్టు మీద మంచి మంత్రం వేయించాడు. జట్టు వరసబెట్టి గెలిచి, 2001 తర్వాత మొదటిసారి డివిజన్ కొట్టింది. క్యాచర్ క్యాల్ రాలీ ఆ సీజన్లో ఏకంగా 60 హోమ్ రన్లు బాదాడు. ఇండియాలో నిమ్మకాయలు కట్టుకుంటే నవ్వే మా ఆఫీసు అమెరికన్లు మంత్రగత్తెకి పాతిక నక్షత్రాలివ్వాలని సీరియస్‌గా చర్చించుకోవడం నా చెవులతో విన్నాను. నేనైతే వాస్తు మనిషిని. 1977 నుంచి 1986 దాకా ఈ జట్టు గుర్తు త్రిశూలం, అదీ తలకిందులుగా! ఎం అక్షరంలా కనబడాలని కొనలు కిందికి తిప్పారు. శివుడి చేతిలో ఉండాల్సిందాన్ని కొనలు నేలకి గుచ్చి టోపీల మీద కుట్టిస్తే ఇంకేం కలిసొస్తుంది? ఇక్కడి పాత అభిమానులు కూడా ఆ గుర్తే దరిద్రం అంటారు. గుర్తు మార్చారు గానీ శాంతి చేయించినట్టు ఎక్కడా దాఖలా లేదు.

మంత్రగత్తె ప్యాకేజీలో అక్టోబరు ఉందో లేదో ఆ అభిమాని అడగలేదనుకుంటాను. 2025 అక్టోబరు 20, సోమవారం. టొరంటోలో సెమీఫైనల్ లాంటి సిరీస్‌లో ఆఖరిదైన ఏడో మ్యాచ్. గెలిస్తే ప్రపంచ సిరీస్, 48 ఏళ్ల చరిత్రలో మొదటిసారి. ఆ రోజే దీపావళి. అమావాస్య నాడు ఏడో మ్యాచ్ పెట్టుకున్నారేమిటని నేను అప్పుడే అన్నాను, మా ఆవిడ వినలేదు.

వాకిట్లో ప్రమిదలు పెట్టాం. లక్ష్మీపూజ అయింది. పిల్లలు కాకరపువ్వొత్తులు తిప్పుతున్నారు. నా ఫోన్ నూనె గిన్నెకి ఆనించి ఉంది. సియాటిల్ 3, టొరంటో 1. ఏడో ఇన్నింగ్స్, ఒకడు ఔట్, బేస్‌ల మీద ఇద్దరు. ఇంకా ఎనిమిది ఔట్లు చాలు. ఎనిమిదంటే ఎనిమిదే. జట్టులో ఇలాంటి గండాలు గట్టెక్కించే ఆఖరి పిచర్, క్లోజర్ అంటారు, ఆంద్రెస్ మున్యోస్ అప్పటికి బుల్‌పెన్‌లోనే, అంటే పిచర్లు వంతు కోసం కాచుకునే చోటే ఉన్నాడు. మేనేజర్ డాన్ విల్సన్ ఎడ్వర్డ్ బజార్డో అనే ఇంకో పిచర్‌ని పిలిచాడు. ఇంట్లో డాక్టరుండగా కాంపౌండర్‌ని పిలిచారేమిటని సియాటిల్ అంతా ఇప్పటికీ అడుగుతోంది. టొరంటో జార్జ్ స్ప్రింగర్ హోమ్ రన్ కొట్టాడు. మూడు పరుగులు. మా పెద్దాడి చేతిలో మతాబు సగం కూడా కాలలేదు, ఆధిక్యం బూడిదైంది. ఆ తర్వాత ఎవరూ పరుగు చెయ్యలేదు. చివరికి మన హూలియో రోడ్రిగెజ్ బంతి తగలక స్ట్రైకౌట్ అయ్యాడు. 4-3.

సరిగ్గా అప్పుడే తెనాలి నుంచి అమ్మ వీడియో కాల్ చేసింది. అక్కడ మర్నాడు పొద్దున.

"పండగ పూట ఆ మొహమేంట్రా? ఎవరన్నా పోయారా?"

"మ్యాచ్ ఓడిపోయామమ్మా. ఒక్క పరుగుతో."

"ఒక్కటేగా! ఇంకో మ్యాచ్‌లో గెలుస్తార్లే. మళ్లీ ఎప్పుడు?"

"మార్చిలో."

అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "గారెలు తిన్నావా?" అంది.

ఇవన్నీ సాక్ష్యాలుగా జతపరిచి, మూడో ఇన్నింగ్స్‌లోపు కనీసం 8 పరుగుల తేడాతో ఓడాలన్న నా విన్నపాన్ని సంతకాల కోసం ఇంటింటికీ తిప్పాను. మొదట మా వీధి చివర బాబాయ్ గారి దగ్గరికి వెళ్లాను. గుంటూరు జిల్లా మనిషి, విమానాల కంపెనీలో రిటైరయ్యారు, కింగ్‌డోమ్ స్టేడియం రోజుల నుంచి ఈ జట్టుని భరిస్తున్నారు. కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివారు. పెన్ను తీశారు. సంతకం పెట్టకుండా 8 దగ్గర ఆగారు.

"ఎనిమిది చాలదురా అబ్బాయ్."

"ఎందుకు చాలదు బాబాయ్ గారూ?"

"2022లో ఇదే టొరంటోలో మనం 8-1తో వెనకబడి 10-9తో గెలవలా? అది చూసినవాడెవడూ ఏడెనిమిది పరుగులకి టీవీ కట్టడు. నువ్వూ కట్టవు. పప్పు మాడుతుంది."

నిజమే. కొట్టేసి 12 అని రాశాను. బాబాయ్ గారు దాన్నీ కాసేపు చూసి కళ్లజోడు తీశారు.

"2001, ఆగస్టు 5. క్లీవ్‌లండ్‌లో. 116 గెలిచిన ఏడాదే. మనం 14-2తో ముందున్నాం, పన్నెండు పరుగులు. పదకొండో ఇన్నింగ్స్‌లో 15-14తో ఓడాం. వాళ్లు పన్నెండు వెనక నుంచి రాగా లేంది, మనం రాలేమా? నేనైతే చివరిదాకా చూస్తా."

అందుచేత, జతపరిచిన ప్రతిలో అంకె ఉండవలసిన చోట ఖాళీ గీత మాత్రమే ఉన్నది. యాజమాన్యం వారే దయతో పూరించుకోగలరు.