పిన్నీసుకు పద్మశ్రీ ఎప్పుడిస్తారు?

1852లో ధవళేశ్వరం ఆనకట్ట లేచింది. 2022లో కోనసీమ సొంత జిల్లా అయింది. ఈ రెంటి మధ్య మా డెల్టాలో మారనిదంటూ లేదు, ఒంట్లో దిగిన పేడు, అదే చెక్క ముక్క, తీసే విధానం తప్ప. ఇప్పుడు దాని మీదా కన్ను పడింది. సబ్బనీ స్పిరిటనీ పేర్లు చెప్పి, తరతరాలుగా మన వేళ్ళను కెలుకుతూ వచ్చిన పిన్నీసును పక్కకు నెట్టే కుట్ర మా అరుగు మీదే మొదలైంది. చూస్తూ ఊరుకోలేక ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఎడమ చేత్తో రాస్తున్నాను, గమనించగలరు.

జరిగింది చెబుతాను. అంబాజీపేట దగ్గర మా పాత పెంకుటిల్లు విప్పిస్తున్నాం. కూలీలు చేసే పనిలో నాకేం పని చెప్పండి, తాటి వాసానికి చెయ్యి వేశాను. చూపుడువేల్లో పేడు దిగింది. కొబ్బరి ఈనె గుచ్చుకుంటే పట్టుకుని లాగితే వచ్చేస్తుంది, దానికో మర్యాద ఉంది. తాటి పేడు అలా కాదు. నల్లగా, గట్టిగా లోపలికి దూరి, పైన తోకైనా మిగల్చకుండా విరుగుతుంది.

నా కేకకి సభ కూడింది. మా వైపు వచ్చినవాళ్ళందరూ వరసగా వేలు పట్టుకుని ఒక్కో నొక్కు నొక్కాలి. నొక్కకుండా వెళ్ళిపోతే పలకరించనట్టే లెక్క. ఎదురింటి బాబాయి జిల్లేడు పాలు పెడితే అదే బయటికొస్తుందన్నాడు. ఇంకొకాయన బెల్లం, సున్నం నూరి కట్టమన్నాడు. "ముల్లును ముల్లుతోనే తియ్యాలండీ, ఆయ్" అంటూ మూడో ఆయన పెరట్లో నిమ్మచెట్టు వైపు నడిచాడు.

అప్పుడు మా మేనత్త తాళిగొలుసు తడుముకుంది.

ఆ గొలుసుకి అయిదు పిన్నీసులుంటాయి. మధ్యలో ఉన్న పెద్దది ఆస్థాన వైద్యురాలు. దాని దినచర్య వింటే ఏ ఉద్యోగీ సెలవు అడగడు. పొద్దున్నే పళ్ళ సందుల్లో ఇరుక్కున్న తేగ పీచు తీస్తుంది. పదింటికి లంగాకి బొందు ఎక్కిస్తుంది. మధ్యాహ్నం రొయ్యల వీపు మీద నల్లనరం లాగుతుంది. భోజనాలయ్యాక చెవుల్లో గులిమి. ఇన్ని శాఖలు చూస్తూ కూడా వేల్లో పేడు దిగిందనగానే పరుగున వచ్చే ఈ సేవకురాలికి ఇంతవరకు ఒక్క పద్మ పురస్కారం రాలేదు! పోనీ శుభ్రత పాటించదా అంటే, అత్త దాన్ని దేవుడి దీపం మీద ఎర్రగా కాలుస్తుంది. తరవాత మసి అంటకూడదని చీరకొంగుతో తుడుస్తుంది. నునుపు కోసం ఓసారి తల్లో రుద్దుతుంది. ఇంతకంటే ఏం కావాలి?

ఇరవై నిమిషాలు తవ్వకం జరిగింది. పేడు ఇంకా లోతుకు వెళ్ళింది.

కాకినాడలో నర్సింగు చదివే మా మేనకోడలు సెలవులకొచ్చి అక్కడే ఉంది. "నొక్కకండి, లోపల ముక్కలైపోద్ది" అంది. పట్టకారు తెమ్మంటే మా ఆవిడ వంటింట్లోంచి వేడిగిన్నెలు దించేది తెచ్చింది. అదికాదని తన సంచిలోంచి కనుబొమల ట్వీజరు తీసింది. తన చేతులూ నా వేలూ సబ్బుతో కడిగింది. వేడినీళ్ళలో నానబెడదామని బాబాయి అంటే, చెక్క నీళ్ళకి ఉబ్బుతుందని వద్దంది. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపు మీదికొస్తుందని అదీ కాదంది. సూదినీ ట్వీజరునీ స్పిరిటుతో తుడిచి, వెలుతురులో కూచోబెట్టి, పేడు మీద చర్మం మొన కనబడేంత వరకే లేపి, లోపలికి దిగిన వాలులోనే బయటికి లాగింది. రెండు నిమిషాలు.

ఇదేనా కోనసీమ మర్యాద? ఇంటికొచ్చిన అతిథిని వచ్చిన పూటే, వచ్చిన దారినే సాగనంపడం! అత్త చేతిలో ఉంటే అది నాలుగు రోజులుండి, బంధువులందరినీ చూసి, చీము పట్టాక తీరుబడిగా వెళ్ళేది.

"టీటీ ఎప్పుడు వేయించుకున్నావు మావయ్యా?" అంది. టీటీ అంటే ధనుర్వాతం రాకుండా వేసే సూది, ఇప్పుడు దానికి డిఫ్తీరియా మందు కూడా కలిపి టీడీ అంటున్నారట. "ఇనుపమేకు కాదు కదమ్మా, చెట్టుదే" అన్నాను. మా ఊళ్ళో రూలు అదే. మేకు దిగితే ఆసుపత్రికి పరుగు, కర్ర దిగితే పసుపు. ధనుర్వాతం తుప్పులో పుట్టదట. దాని బీజాలు మట్టిలో, పశువుల పేడలో ఉంటాయట, గాలాడని లోతు గాయంలో పెరుగుతాయట. మా వాసాలు పాతికేళ్ళు పశువుల పాక మీద ఉన్నవే. మురికి గాయమైతే చివరి సూది అయిదేళ్ళు దాటినవాళ్ళు మళ్ళీ వేయించుకోవాలట. నేను గుర్తు చేసుకున్నాను. 1986 వరదల్లో అనుకుంటా.

ఇంకా చెప్పింది. గాజుపెంకు, గోటికింద లోతుగా విరిగినది, కంటి దగ్గరది ఇంట్లో ముట్టుకోకూడదట. రొయ్యల చెరువులో ముల్లు గుచ్చుకుని చెయ్యి వాస్తుంటే మర్నాటి దాకా ఆగకూడదట. షుగరున్నవాళ్ళు రోజూ పాదాలు తిప్పి చూసుకోవాలట. ఇది విని నిమ్మచెట్టు ఆయన, పన్నెండేళ్ళ షుగరు, "నాకు ముళ్ళు గుచ్చుకున్నా నొప్పే ఉండదండి" అని గర్వంగా అన్నాడు. పిల్ల ఆయన చెప్పులు విప్పించింది. అరికాల్లో తుమ్మముల్లు విరిగి ఉంది. దానికి సూదీ ట్వీజరూ తియ్యలేదు. నేరుగా ఆటో పిలిపించింది.

మేనకోడలు కాకినాడ వెళ్ళిపోయింది, ట్వీజరు మర్చిపోయింది. మర్నాడు పొద్దున అత్త దాంతో తేగ పీచు తీసుకుంటూ కనబడింది. "బాగుందిరా ఇది, గట్టిగా పట్టుకుంటోంది" అంది. కొంగుతో తుడిచింది, తల్లో రుద్దింది, నా వేలి కట్టు వైపు చూసింది.

"విప్పు. ఇంకో ముక్కేదైనా ఉందేమో చూస్తాను."