లడఖ్, వయా టెక్కలి

మోటార్‌సైకిల్ మీద దూరప్రయాణానికి ఎలా సిద్ధం కావాలో చెప్పడానికి నాకున్న అర్హత ఒక్కటే: నేనింతవరకు ఎక్కడికీ వెళ్లలేదు. వెళ్లొచ్చినవాళ్లు ఈ విషయం మీద సరిగ్గా రాయలేరు. వాళ్ల బుర్ర నిండా దారులు, కొండలు, నడుంనొప్పి ఉంటాయి. సన్నాహమే ఒక శాస్త్రమని వాళ్లకు తోచదు. మా బావమరిదీ నేనూ శ్రీకాకుళం నుంచి లడఖ్‌లోని లేహ్ దాకా బండి మీద వెళ్లిరావడానికి ఏడాదిన్నరగా సిద్ధమవుతున్నాం. రానూపోనూ ఐదు వేల కిలోమీటర్ల పైమాటే. ఈ ఏడాదిన్నరలో దూరం తగ్గలేదు గానీ మా అనుభవం పెరిగింది. దాన్ని లోకానికి పంచకపోతే పాపం.

ఊరొదిలి దూరం పోవడం మా జిల్లాకు కొత్తేమీ కాదు. చేపల వేటకి గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్లేవాళ్లున్నారు. ఇళ్లు కట్టే పనులకి హైదరాబాద్, చెన్నై వెళ్లేవాళ్లున్నారు. ఓ సంచీ, ఓ దుప్పటీ పట్టుకుని ఆమదాలవలసలో రైలెక్కి, జనరల్ బోగీలో తలుపు దగ్గర కూర్చుని పోతారు. దాన్ని ప్రయాణం అనొచ్చు. రైడ్ అనడానికి మాత్రం వీల్లేదు. రైడ్‌కి ముందు వాట్సాప్ గ్రూపుండాలి. మా గ్రూపు పేరు ‘సిక్కోలు టు స్కై’. ఐదుగురితో మొదలైంది. ఒకాయనకి సెలవు దొరకలేదు, ఇంకొకాయనకి ఇంట్లో అనుమతి దొరకలేదు, మూడో ఆయన పొద్దున్నే శుభోదయం బొమ్మలు పెడుతూ ఇప్పటికీ గ్రూపులోనే ఉన్నాడు, బండి అమ్మేశాక కూడా.

మిగిలింది మేమిద్దరం, ఒక బండి. 2012 మోడల్, కార్బొరేటర్ కాలం నాటిది. నేను నడపాలి, వాడు వెనక కూర్చుని కెమెరా, మ్యాపు చూసుకోవాలి అని తీర్మానం.

కొనుగోళ్ల దగ్గర మేము ఎక్కడా రాజీపడలేదు. ముందు జాకెట్. భుజాలకి, మోచేతులకి, వీపుకి అట్టల్లాంటి రక్షణ పెట్టినది, తొమ్మిది వేలు. పడితే ఒళ్లు చీరుకుపోకుండా కాపాడుతుంది, నిజంగా మంచి వస్తువు. కాకపోతే కొన్నది మే నెలలో. ఇంట్లో వేసుకుని అద్దం ముందు నించుంటే మూడో నిమిషానికి ఒళ్లంతా ఆవిరి కుడుమైంది. తర్వాత హెల్మెట్ మీద కెమెరా పెట్టుకునే పిడి, నీళ్లు తాగడానికి గొట్టం ఉన్న బ్యాగు, చలికి మూడు పొరల చేతి తొడుగులు. మా బావమరిది బండికి ఫాస్టాగ్ కూడా తెప్పించాడు. జాతీయ రహదారి మీద టూవీలర్లకి టోల్ ఉండదురా అన్నాను. “ఉండకపోతే మంచిదే కదా బావా, బ్యాలెన్స్ అలాగే ఉంటుంది” అన్నాడు. ఈ వాదనకి నాకింకా సమాధానం దొరకలేదు.

ఇక స్టిక్కర్లు. లడఖ్‌లో ఖర్దూంగ్ లా అనే కనుమ ఉంది. అక్కడి బోర్డు మీద ఎత్తు 18,380 అడుగులని రాసుండేది. పరికరాలతో కొలిచినవాళ్లు 17,582 అని తేల్చారు. అంటే బోర్డు దాదాపు 800 అడుగులు ఎక్కువ చెప్పింది. ఏ అంకె వేయించాలని ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర గంటసేపు తర్జనభర్జన పడ్డాం. చివరికి పెద్దదే వేయించాం. అసలు ఒక్క అడుగు కూడా ఎక్కనివాళ్లకి 800 అడుగుల తేడా ఏపాటి? ఆ స్టిక్కర్‌తో నెల రోజులు స్కూలుకి వెళ్లాను. ఏడో తరగతి కుర్రాడొకడు దాన్ని చూసి “ఇది మీ బండి రేటాండీ మాస్టారూ?” అన్నాడు.

శరీరాన్ని కూడా నిర్లక్ష్యం చెయ్యలేదు. లేహ్ సుమారు 11,500 అడుగుల ఎత్తున ఉంటుంది. సముద్రం పక్కన పుట్టి పెరిగినవాడికి అక్కడ ఒక్కో ఊపిరికీ అందే ఆక్సిజన్ మూడో వంతు తక్కువ. తలనొప్పి, వాంతులు, ఆయాసం వస్తాయి. అక్కడికి చేరాక మొదటి ఒకటి రెండు రోజులు ఏ పనీ చెయ్యకుండా విశ్రాంతి తీసుకోవాలని డాక్టర్లు చెబుతారు. ఈ ఒక్క విషయంలో మా బావమరిదికి ఏళ్ల తరబడి సాధన ఉంది. నేను మాత్రం శాలిహుండం కొండ ఎక్కి దిగాను, నాగావళి ఒడ్డున నడిచాను. అన్నిటికన్నా ముఖ్యంగా, ఈ మధ్య క్లచ్ లివర్ నొక్కితే గట్టిగా ఉంటోంది, అంటే నా వేళ్లలో బలం తగ్గిందని గ్రహించి, పిడికిలితో నొక్కే స్ప్రింగు ఒకటి కొన్నాను. రోజుకి వంద సార్లు. స్టాఫ్‌రూమ్‌లో కూడా.

ఇన్ని అయ్యాక, వరసలో చివర, బండిని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాం. పదేళ్లుగా మా బండి చూసే మేస్త్రీ అతను. పొగడ్తలకి ఎదురుచూస్తూ పక్కన నించున్నాం. అతను స్టిక్కర్లు చూడలేదు. కింద కూర్చుని వెనక టైరు పక్క గోడని గుడ్డతో తుడిచాడు. అక్కడ నాలుగంకెలున్నాయి: 3516. అంటే 2016లో ముప్పై అయిదో వారంలో తయారైన టైరు. ప్రతి టైరు మీదా ఆ పుట్టినతేదీ ఉంటుందని నాకు నలభై ఆరేళ్ల వయసులో తెలిసింది. టైరు మీది గాళ్లు బాగానే ఉన్నాయి కదా అన్నాను. స్కూలుకీ బజారుకీ తిరిగితే గాళ్లు అరగవు, రబ్బరు మాత్రం కూర్చున్నచోటే గట్టిపడిపోతుందిట. వేలి గోరు గుచ్చి చూపించాడు. దిగలేదు. “ఇది టైరు కాదు మాస్టారూ, సెక్క” అన్నాడు.

తర్వాత చైను. కిందవైపు మధ్యలో వేలితో ఎత్తితే ఓ అంగుళం కదలాలి. మాది ఉయ్యాలూగింది. ఐదొందల కిలోమీటర్లకోసారి శుభ్రం చేసి ఆయిల్ వెయ్యాలిట. మేము దీపావళికోసారి వేస్తాం. ఇక గాలి. ఇద్దరెక్కి సామాను కట్టినప్పుడు వెనక టైర్లో ఎక్కువ ఉండాలి, ఎంతో కంపెనీవాడే స్టిక్కర్ మీద రాసి అంటిస్తాడు. మేస్త్రీ దానికోసం వెతికాడు. మా బండి మీద ఆ స్టిక్కర్ ఉన్నచోట ఇప్పుడు లడఖ్ మ్యాపు ఉంది.

“ఎక్కడికెల్తన్నారేటి ఇంతకీ?” అన్నాడు. లేహ్ అన్నాం, కాస్త తల పైకెత్తి. ఏ రాష్ట్రమని అడుగుతాడనుకున్నాను, చెప్పడానికి సిద్ధంగా కూడా ఉన్నాను. “మా తమ్ముడు ఆర్మీల మూడేళ్లు ఆడే సేసినాడు” అన్నాడు చైను బిగిస్తూ. “సలికి సేతులు పగిలిపోయీవట. ఆడెప్పుడూ ఈ స్టిక్కర్లెయ్యలేదు మాస్టారూ.”

టైరు మార్చమన్నాడు. రెండు వేలు పైచిలుకు. తొమ్మిది వేల జాకెట్ కొన్నాక టైరుకి రెండు వేలు దుబారా అనిపించింది. దాని బదులు స్పేర్ క్లచ్ కేబుల్ ఒకటి కొన్నాం, ఎందుకంటే వీడియోల్లో అందరూ కొంటున్నారు. పాత కేబుల్ పక్కనే కొత్తది కూడా టేపు వేసి బండికే కట్టేసుకుంటే దారిలో తెగినా అయిదు నిమిషాల పని, కట్టనా అన్నాడు మేస్త్రీ. బండి అందం పోతుందని మా బావమరిది ఒప్పుకోలేదు. ఆ కేబుల్ తెచ్చి, “చాలా ముఖ్యమైంది, పోకూడదు, తడవకూడదు” అని చెప్పి ఇంటావిడ చేతికిచ్చాను. ఎక్కడ పెట్టిందో అడగలేదు. ఇంట్లో ఏది ఎక్కడుందో అడగకపోవడం ఇరవై ఏళ్ల అలవాటు.

యంత్రం వైపు నుంచి మిగిలినదంతా దైవాధీనం గనక అరసవల్లి వెళ్లాం. నిజానికి లాంగ్ రైడ్ చెయ్యాలనుకునేవాడు మొక్కాల్సింది ఆ స్వామికే. ఏడు గుర్రాలు, ఒకే చక్రం, సెలవనేది లేదు. పైగా సారథి అరుణుడికి తొడలే లేవు, అందుకే అనూరుడన్నారు. అంటే బ్రేకు తొక్కే ఏర్పాటే లేని బండి మీద సృష్ట్యాది నుంచీ టైముకి వస్తున్నాడాయన. బండికి పసుపు, కుంకుమ, దండ అన్నీ అయ్యాయి. నిమ్మకాయలు టైర్ల కింద పెట్టి తొక్కించాం. ముందుది చితికింది. వెనకది టైరు కింద నుంచి జారి పక్కకి దొర్లిపోయింది. సెక్క కదా.

ఆర్సీ, లైసెన్సు, ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాగితాలు డిజిలాకర్‌లో ఉన్నాయి. వాటి గురించి ఇంతకన్నా చెప్పేదేమీ లేదు.

ముందు ట్రయల్ రైడ్ చేద్దామన్నాడు బావమరిది. ఇచ్ఛాపురం దాకా వెళ్లి, ఒడిశా సరిహద్దు ముట్టుకుని రావడం. ఒకప్పటి ఐదో నంబరు, ఇప్పటి పదహారో నంబరు హైవే మీద తిన్నగా పోవడమే. తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరాలని నిర్ణయించాం. ఏడూ ముప్పావుకి బయల్దేరాం, ఎందుకంటే కెమెరా ఛార్జింగ్ పెట్టడం మరిచిపోయాం. సామాను కట్టడానికో శాస్త్రముంది: బరువైనవి కిందికి, బండి నడుముకి దగ్గరగా ఉండాలి, సైలెన్సర్‌కి బ్యాగు తగలకూడదు. మా ఇంట్లో అత్యంత బరువైన వస్తువులు రెండు. ఒకటి జంతికల డబ్బా. రెండోదాన్ని వెనక సీట్లో కూర్చోబెట్టాం.

మడపాం టోల్‌గేటు దగ్గర ఎడమ పక్కన బైకులు పోయే సందుంది. బావమరిది ఆ సందులోకి వద్దని, కార్ల వరసలోకి పోనిమ్మని పట్టుబట్టాడు, ఫాస్టాగ్ పనిచేస్తుందో లేదో చూడాలిట. వెనక లారీవాడు కొట్టిన హారన్ భాషకి అర్థం రాయక్కర్లేదు. నరసన్నపేట వచ్చేసరికి నా నడుము నాది కాకుండా పోయింది. ఏడాదిన్నరలో మేము చెయ్యని వ్యాయామం ఒక్కటే, బండి మీద వరసగా రెండు గంటలు కూర్చోవడం.

కోటబొమ్మాళి దాటి టెక్కలి పొలిమేరలో గేరు మార్చబోతే లివర్ ఒక్కసారి తేలికైపోయింది. వేళ్లకి ఎంత బలమొచ్చిందో అని ఒక క్షణం సంతోషించాను కూడా. క్లచ్ కేబుల్ తెగింది. తెగబోయే ముందు అది నెలల తరబడి చెబుతూనే ఉంటుందిట. లివర్ గట్టిపడుతుంది, కొస దగ్గర ఒక్కో పోగూ లేస్తుంది. పాపం అది చెప్పినన్నాళ్లూ నేను స్ప్రింగు నొక్కుతూ కూర్చున్నాను.

రోడ్డు పక్కన చెట్టు కింద బ్యాగులన్నీ విప్పాం. చేతి తొడుగులు మూడు పొరలూ ఉన్నాయి. చలి టోపీ ఉంది. కేబుల్ లేదు. ఇంటికి ఫోన్ చేస్తే, “బ్యాగులోనే ఉందండీ, సరిగ్గా వెతకండి” అంది ఆవిడ. సరిగ్గానే వెతికామంటే ఫోన్ పెట్టేసింది. ఇక జాకెట్లతో, హెల్మెట్లతో, 18,380 అడుగుల స్టిక్కర్‌తో టెక్కలిలోకి బండి నెట్టుకుంటూ వెళ్లాం. దారిలో ఇద్దరు పిల్లలు సెల్యూట్ కొట్టారు.

అక్కడి మెకానిక్ కుర్రాణ్ని షాపుకి పంపి కేబుల్ తెప్పించి, పావుగంటలో వేసిచ్చాడు. వస్తువుకీ కూలికీ కలిపి మూడు వందలు. మర్యాదగా ఉంటుందని జంతికల డబ్బా తీసి ముందు పెట్టాం. రెండు తిన్నాడు, బావున్నాయన్నాడు. మూడోసారి చెయ్యి లోపలికి పెట్టి ఏదో తగిలినట్టు ఆగాడు. నెమ్మదిగా పైకి లాగాడు. రబ్బరు బ్యాండు వేసిన పాలిథిన్ కవరు, అందులో చుట్ట చుట్టిన కొత్త క్లచ్ కేబుల్.

అతను దాన్ని చూశాడు. మా జాకెట్లు చూశాడు. కవరు మీద నూనె చొక్కాకి తుడుచుకున్నాడు.

“దీన్నీ ఏపినారేటి మాస్టారూ?”