జబ్బు ముదిరిన రోజా, దరఖాస్తు అందిన రోజా?

అమెరికా మాజీ సైనికుల వ్యవహారాల శాఖ (వీఏ) ఒక మాజీ సైనికుడి వైకల్య రేటింగును, అంటే జబ్బు తీవ్రతను బట్టి నెలవారీ పరిహారాన్ని నిర్ణయించే శాతాన్ని, 50 నుంచి 70కి పెంచిందంటే, ఆ ఉత్తర్వు చదివే ఇంట్లో ముందుగా అందరి చూపూ శాతం మీదే నిలుస్తుంది. పెంపు ఏ రోజు నుంచి వర్తిస్తుందో చెప్పే తేదీని చాలామంది ఆ తర్వాత ఎప్పుడో గమనిస్తారు, కొందరు అసలే గమనించరు. ఆ ఒక్క తేదీ అటూ ఇటూ అయితే కుటుంబం వేల డాలర్లు నష్టపోతుంది. పెంపు తేదీని జబ్బు ముదిరిన రోజుతో కాక కాగితం అందిన రోజుతో ముడిపెట్టే ప్రస్తుత పద్ధతి అన్యాయమైనదని, దాన్ని మార్చాల్సిన బాధ్యత అమెరికన్ కాంగ్రెస్‌దేనని నేను గట్టిగా నమ్ముతున్నాను.

వీఏతో వ్యవహారం ఉన్నవారికి నేపథ్యం తెలిసిందే. సాధారణ సూత్రం ప్రకారం దరఖాస్తు అందిన రోజుకు ముందు కాలానికి ప్రయోజనం వర్తించదు. రేటింగు పెంపు విషయంలో మాత్రం చట్టం ఒక మినహాయింపు ఇచ్చింది. వైకల్యం పెరిగినట్లు నిర్ధారించగల తొలి తేదీ నుంచి ఏడాది లోపల దరఖాస్తు అందితే, ఆ తొలి తేదీ నుంచే పెంపు వర్తిస్తుంది. వినడానికి ఇది ఉదారంగానే ఉంటుంది.

ఆ ఏడాది గీత దాటినవారి సంగతి చూడండి. ఇద్దరు మాజీ సైనికులు 2025 మార్చి 15న ఒకే జబ్బుకు పెంపు దరఖాస్తు ఇచ్చారనుకుందాం. ఇద్దరికీ 50 శాతం 70 అయింది. మొదటివారి పరిస్థితి విషమించినట్లు వైద్య రికార్డులో 2024 ఏప్రిల్ 20న నమోదైంది కనుక ఆయనకు ఆ తేదీ నుంచే పెంపు వర్తించి, మే 1 నుంచి డబ్బు లెక్కకు వస్తుంది. రెండోవారి విషయంలో అదే మాట రెండు నెలల ముందు, ఫిబ్రవరి 20న నమోదైంది. ఆయనకు కనీసం ఏడాది వెనక్కి లెక్కించి ఇస్తారని ఎవరైనా అనుకుంటారు. కానీ 2010లో గ్యాస్టన్ వర్సెస్ షిన్సెకి కేసులో ఫెడరల్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు, పెరుగుదల ఆ ఏడాదిలోపే జరిగి ఉంటేనే మినహాయింపు వర్తిస్తుందని తేల్చింది. కాబట్టి రెండోవారికి దరఖాస్తు తేదీయే ఖాయమవుతుంది, ఏప్రిల్ 1 నుంచి మాత్రమే డబ్బు వస్తుంది. ఆధారపడినవారు లేని మాజీ సైనికుడికి ఆ రెండు రేటింగుల మధ్య తేడా అప్పట్లో నెలకు 640 డాలర్లకు పైగా ఉండేది. అంటే పదకొండు నెలలకు 7,000 డాలర్లకు పైనే. ఎక్కువ కాలం బాధపడిన మనిషికి తక్కువ డబ్బు ఇచ్చే సూత్రాన్ని ఏ న్యాయబుద్ధితో సమర్థించగలం?

ఈ గీత ఎప్పుడూ ఇంత కఠినంగా ఉండేది కాదు. 2015 మార్చి 24కు ముందు ఎంతో మానవీయమైన నిబంధన ఒకటి ఉండేది. సైనిక సేవ వల్ల వచ్చినదిగా అప్పటికే గుర్తించిన వైకల్యానికి వీఏ ఆసుపత్రిలో పరీక్ష జరిగినా, చికిత్స కోసం అక్కడ చేరినా, ఆ తేదీనే పెంపు కోసం దరఖాస్తు అందిన తేదీగా పరిగణించేవారు. రోగి డాక్టరు దగ్గర చెప్పుకున్న బాధ ప్రభుత్వానికి చెప్పుకున్నట్లే లెక్క. అలా ఉండటమే సబబు, ఎందుకంటే ఆ డాక్టరుకు జీతమిచ్చేదీ, ఆ రికార్డు దాచేదీ, పరిహారం నిర్ణయించేదీ ఒకే శాఖ. నిర్ణీత ఫారాలనే తప్పనిసరి చేసిన 2015 సంస్కరణ ఆ నిబంధనను తొలగించింది, 2016లో ఫెడరల్ సర్క్యూట్ కోర్టు ఆ మార్పును సమర్థించింది. బదులుగా వచ్చిన, దరఖాస్తు చేయబోతున్నామని ముందుగా తెలిపే ‘ఇంటెంట్ టు ఫైల్’ ఫారం ఇస్తే దరఖాస్తు పూర్తి చేయడానికి ఏడాది గడువు దొరుకుతుంది, నిజమే. కానీ ఆ ఫారం ఒకటుందని తెలిసినవారికే అది ఉపయోగపడుతుంది. తీవ్రమైన మానసిక క్షోభలో ఉన్నవారు ఆసుపత్రి దాకా వెళ్లగలగడమే గొప్ప, అక్కడి నుంచి మరో విభాగానికి ఫారం కూడా పంపాలని కోరడం వారి జబ్బునే వారి మీద ఆయుధంగా వాడటం.

ఇందులో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టే వైరుధ్యం మరొకటి ఉంది. 1992లో బెల్ వర్సెస్ డెర్విన్‌స్కీ కేసులో మాజీ సైనికుల అప్పీళ్ల కోర్టు, వీఏ తన సొంత వైద్య రికార్డులు తనకు తెలియవని అనలేదని, అవి ఫైలులో లేకపోయినా ఉన్నట్లే భావించాలని చెప్పింది. అంటే సాక్ష్యం కోసమైతే ఆసుపత్రికి తెలిసింది శాఖకు తెలిసినట్లే, తేదీ కోసమైతే తెలియనట్లే. రేటింగు తగ్గించే సందర్భానికి వస్తే ఈ తేడా మరింత స్పష్టమవుతుంది. జబ్బు మెరుగుపడి ఉండవచ్చని అనిపిస్తే శాఖ తానే పునఃపరీక్షకు పిలుస్తుంది, తానే తగ్గింపు ప్రతిపాదిస్తుంది, ఆధారాలిచ్చుకోవడానికి 60 రోజుల వ్యవధి ఇస్తుంది. ఆ ప్రక్రియ మొదలుకావడానికి మాజీ సైనికుడి దరఖాస్తు అక్కర్లేదు. తగ్గించడానికి తన కళ్లతో తానే చూడగలిగిన శాఖ, పెంచాల్సి వచ్చేసరికి ఫారం కోసం ఎదురుచూడటం సమానత్వం అనిపించుకోదు.

ఈ పద్ధతిని సమర్థించేవారి వాదన తేలిగ్గా కొట్టిపారేయదగింది కాదు. లక్షలాది మంది చికిత్స పొందే వ్యవస్థలో ప్రతి డాక్టరు నోటునూ దరఖాస్తుగా చదవడం అసాధ్యమని, నిర్ణీత ఫారం ఉంటేనే పని వేగంగా సాగి పెండింగు తగ్గుతుందని, గడువు లేకపోతే ఖజానా భారం అంచనాకు అందదని వారంటారు. అయితే ప్రతి నోటునూ గాలించమని ఎవరూ అడగడం లేదు. పెంపు కోరి వచ్చినవారి విషయంలోనే, ఎలాగూ తెరిచి చదివే రికార్డులో ఇంకొన్ని పేజీలు వెనక్కి వెళ్లమని అడుగుతున్నాం. వేగం కోసం తెచ్చిన ఫారం హక్కును కోయడానికి కారణం కాకూడదు.

ఇక చట్టం ఇచ్చిన కొద్దిపాటి వెసులుబాటు కూడా ఆచరణలో అందకుండా పోయే సందర్భాలున్నాయి. దరఖాస్తు తర్వాత శాఖ చేయించే వైద్య పరీక్ష తేదీనే పెంపు తేదీగా వేసేసిన ఉత్తర్వులు అలాంటివి. పరీక్ష గదిలో అడుగుపెట్టిన రోజునే ఎవరి వెన్నెముకా అరగదు, ఎవరి నిద్రా చెడదు. తేదీని వాస్తవాల ఆధారంగా నిర్ణయించాలని చట్టమే చెబుతోంది. సాక్ష్యం ఎప్పుడు సమర్పించారన్నది కాదు, అది ఏ కాలపు పరిస్థితిని చూపుతోందన్నదే ముఖ్యమని 2000లో మెక్‌గ్రాత్ వర్సెస్ గోబర్ తీర్పు, తొలి క్లెయిము సందర్భంలోనే అయినా, స్పష్టం చేసింది. పాత చికిత్స నోట్లు, పని మానేసిన తేదీలు, భార్యో తోటి ఉద్యోగో రాసిచ్చిన వాంగ్మూలం, ఇవన్నీ తేదీని వెనక్కి జరపగల సాక్ష్యాలే. అలాంటి ఉత్తర్వు అందుకున్నవారు ఏడాదిలోపు తప్పక సవాలు చేయాలి. 2019 ఫిబ్రవరి 19 నుంచి అమల్లో ఉన్న విధానంలో సీనియర్ అధికారి పునఃసమీక్ష, కొత్త సాక్ష్యంతో అనుబంధ క్లెయిము, అప్పీళ్ల బోర్డు అనే మూడు దారులున్నాయి. ఏడాది దాటిందంటే, కేవలం తేదీని మార్చమని విడిగా క్లెయిము వేసే వీలు లేదని 2006 నాటి రడ్ వర్సెస్ నికల్సన్ తీర్పు తలుపు మూసేసింది. ఆ తర్వాత మిగిలేది, నాటి నిర్ణయంలో నిర్వివాదమైన పొరపాటు ఉందని రుజువు చేయడమనే అతి కష్టమైన దారి.

కోర్టులు కరుణిస్తాయన్న ఆశ కూడా ఇప్పుడు లేదు. సర్వీసు నుంచి విడుదలైన ఏడాదిలోపు దరఖాస్తు ఇస్తే తొలి పరిహారం విడుదల మర్నాటి నుంచే లభిస్తుంది. 1981లో విడుదలై, తీవ్ర మానసిక వ్యాధి వల్లే ముప్పై ఏళ్లు దరఖాస్తు చేయలేకపోయానన్న నౌకాదళ మాజీ ఉద్యోగికి ఆ గడువును న్యాయదృష్టితో సడలించడం కుదరదని 2023 జనవరిలో అరెలానో వర్సెస్ మెక్‌డొనో కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. కాంగ్రెస్ రాసిపెట్టిన మినహాయింపులు తప్ప కొత్తవి తాము చేర్చలేమన్నది ఆ తీర్పు సారాంశం.

మన దేశంలోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. 1983లో అనారోగ్య కారణంగా సైన్యం నుంచి బయటకు వచ్చి, వైకల్య పెన్షన్ కోసం 1999లో హైకోర్టుకు వెళ్లిన ఒక జవానుకు, 2008లో తర్సేమ్ సింగ్ కేసులో మన సుప్రీంకోర్టు బకాయిలను పిటిషన్‌కు ముందున్న మూడేళ్లకే పరిమితం చేసింది. పెన్షన్ నిరాకరణ నెలనెలా కొనసాగే అన్యాయమని ఒప్పుకుంటూనే ఆ మాట చెప్పింది. సేవ చేసినవాడి రికార్డంతా తన బీరువాలోనే పెట్టుకున్న రాజ్యం, హక్కును మాత్రం అతడు తలుపు తట్టిన రోజు నుంచే లెక్కించడం వాషింగ్టన్‌లోనైనా ఢిల్లీలోనైనా నాకు సమ్మతం కాదు.

అమెరికాలో దీన్ని సరిచేయడానికి భారీ చట్టమేమీ అక్కర్లేదు. పెంపు తేదీని నిర్ణయించే సెక్షన్‌కు రెండు వాక్యాలు చేరిస్తే చాలు. పెరుగుదల వీఏ సొంత వైద్య రికార్డులో నమోదై ఉంటే ఏడాది పరిమితి వర్తించదని మొదటిది చెప్పాలి. బయటి డాక్టర్ల దగ్గర చికిత్స పొందినవారి విషయంలో, పెరుగుదల ఏడాది కంటే ముందు జరిగినా కనీసం ఆ ఏడాది బకాయి ఇవ్వాలని రెండోది చెప్పాలి.