63 గజాలు: బూటు కథలో నిజమెంత?

"పుట్టుకతోనే కుడికాలికి వేళ్లు లేని ఒకాయన సుత్తిలాంటి బూటు తొడుక్కుని అమెరికన్ ఫుట్‌బాల్‌లో రికార్డు కొట్టేశాడు. పైగా అప్పట్లో గోల్‌పోస్టులు దగ్గరగా ఉండేవి. సంగతి బయటపడగానే లీగ్ ఆ బూటును నిషేధించింది, దాంతో ఆయన ఆట కూడా అయిపోయింది."

ఓ పాత ఫొటో కింద ఈ కథ తిరుగుతూనే ఉంది. డాలస్‌లో ఉండే మా బావ మొన్న దీన్ని ఫ్యామిలీ గ్రూపులో పెట్టి, "బుర్ర ఉండాలి గానీ వేళ్లెందుకు" అని ఓ ముక్క కూడా జోడించాడు. బావ మాట కాదనడం మా ఇంట్లో అలవాటు లేదు. కానీ ఇందులో వేళ్లు లేవన్న మాట తప్ప మిగతాదంతా వంకరే.

ఆయన పేరు టామ్ డెంప్సీ. కుడిచేతికి వేళ్లు కూడా లేవు. 1970 నవంబర్ 8న న్యూ ఆర్లీన్స్‌లోని తులేన్ స్టేడియంలో డెట్రాయిట్ లయన్స్‌తో మ్యాచ్. డెంప్సీ ఆడే సెయింట్స్ జట్టు అప్పటికి ఏడు మ్యాచ్‌లలో గెలిచింది ఒక్కటే. కొత్త కోచ్ జె.డి. రాబర్ట్స్‌కి అదే తొలి మ్యాచ్. స్కోరు 17-16, లయన్స్‌ది పైచేయి, మిగిలింది రెండు సెకన్లు. గోల్‌పోస్టు 63 గజాల దూరంలో ఉంది. క్రికెట్‌లో ఐసీసీ ఒప్పుకునే కనీస బౌండరీ 65 గజాలు. అంటే నేలమీద నిలబెట్టిన బంతిని తంతే, అది దాదాపు బౌండరీ తాడు దాకా వెళ్లి, అక్కడ పది అడుగుల ఎత్తున్న అడ్డకర్ర మీదుగా దాటాలి. అప్పటిదాకా రికార్డు 56 గజాలు, 1953లో బెర్ట్ రెచికార్ కొట్టింది. డెంప్సీ తన్నాడు, బంతి దాటింది. ఇలా తన్ని దాటించడాన్నే ఫీల్డ్ గోల్ అంటారు, దానికి మూడు పాయింట్లు. స్కోరు 19-17.

ముందు ఆ బూటు సంగతి చూద్దాం. ముందుభాగం చదునుగా ఉన్న మాట నిజమే. కానీ వేళ్లు లేని పాదానికి మొన ఉన్న బూటు వేస్తే లోపల ఏముంటుంది, గాలి తప్ప? పాదం ఎక్కడ ఆగిందో బూటు అక్కడ ఆగింది. అదీగాక ఆ రోజుల్లో చాలామంది కిక్కర్లు నేరుగా పరుగెత్తుకొచ్చి బూటు మొనతోనే తన్నేవాళ్లు. పదివేళ్లూ ఉన్నవాళ్లు కూడా అందుకోసం మొన చదునుగా ఉన్న బూట్లు వేసేవాళ్లు. వాళ్ల ఫొటోలు ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు.

లాభం ఏమైనా ఉందా అంటే, ఈఎస్‌పీఎన్ వాళ్ల 'స్పోర్ట్ సైన్స్' కార్యక్రమం ఆ కిక్‌ను విశ్లేషించింది. లాభం ఏమీ లేదని తేల్చింది. పైగా బంతికి తగిలే భాగం చిన్నది కాబట్టి గురి కాస్త తప్పినా బంతి పక్కకు పోయే ప్రమాదమే ఎక్కువట. లెక్కలు చూసినా అంతే. మొత్తం కెరీర్‌లో డెంప్సీ 258 సార్లు ప్రయత్నించి 159 ఫీల్డ్ గోల్స్ కొట్టాడు, అంటే నూటికి 62 కూడా లేవు. పక్కవాటంగా, సాకర్ పద్ధతిలో తన్నే యాన్ స్టెనెరుడ్‌కి దాదాపు 67. మంత్రించిన బూటయితే నూటికి నూరూ పడేవి!

సాయం లెక్కలే తీస్తే ఇంకోటి ఉంది. 1998లో ఈ రికార్డును సమం చేసిన జేసన్ ఈలమ్, 2013లో 64 గజాలతో దాటిన మాట్ ప్రేటర్, ఇద్దరూ కొట్టింది డెన్వర్‌లో, సముద్రమట్టానికి మైలు ఎత్తున, గాలి పల్చగా ఉండి బంతి ఎక్కువ దూరం వెళ్లేచోట. న్యూ ఆర్లీన్స్ ఉండేది సముద్రమట్టం దగ్గర. వాళ్ల గోల్స్‌ను ఎవరూ మోసం అనలేదు, అనకూడదు కూడా.

గోల్‌పోస్టులు దగ్గరగా ఉండేవన్నది సగం చదివినవాళ్ల మాట. 1974 దాకా అవి గోల్ లైన్ మీద ఉండేవి, తర్వాత పది గజాలు వెనక్కి జరిపారు. ఫీల్డ్ గోల్ కొలిచేది బంతి పెట్టిన చోటు నుంచి పోస్టు దాకా. పోస్టు ఎక్కడున్నా 63 అంటే 63.

ఇక నిషేధం. 1977లో ఒక నిబంధన వచ్చింది, జనం దాన్ని డెంప్సీ రూల్ అనే పిలుస్తారు. తన్నే కాలికి కృత్రిమ అవయవం ఉన్నవాళ్ల బూటు, తన్నేవైపు మామూలు కిక్కింగ్ బూటులాగే ఉండాలన్నది దాని సారాంశం. డెంప్సీది సొంత కాలు. పేరు మాత్రం ఆయనకే అంటుకుంది. దాంతో ఆట అయిపోయిందా? అదే ఏడాది హ్యూస్టన్ ఆయిలర్స్‌కి ఆడాడు, తర్వాత 1979 దాకా బఫలో బిల్స్‌కి. మొత్తం 11 సీజన్లు, అయిదు జట్లు. 1971లో ఫిలడెల్ఫియా ఈగల్స్‌కి 17లో 12 కొట్టి, ఆ ఏడాది లీగ్‌లో అందరికన్నా మెరుగైన సగటు తెచ్చుకున్నాడు. ఆయన 2020 ఏప్రిల్‌లో కోవిడ్‌తో పోయారు. ఆ వారం పత్రికలన్నీ మళ్లీ ఆ ఒక్క కిక్ దగ్గరే ఆగాయి. ఆ 12 గోల్స్ మాట ఎత్తినవాళ్లు తక్కువ.

ఆ రోజు నిజంగా దక్కిన సాయం ఒకటుంది, బావా. బంతి పట్టుకుని నిలబెట్టే జో స్కార్పాటీ, బంతిని వెనక్కి అందించే గీత నుంచి మామూలుగా పెట్టే ఏడు గజాల వెనక కాకుండా ఎనిమిది గజాల వెనక కూర్చున్నాడు, డెంప్సీకి పరుగు తీసి తన్నే వ్యవధి దొరకాలని. ఏడు దగ్గరే పెట్టి ఉంటే అది 62 గజాల గోల్ అయ్యేది.