ఇంగ్లీషు వాక్యం దొరవారికి ఒక బహిరంగ లేఖ

దొరవారి దివ్య సముఖానికి,

మీరు నాలుగు రకాలని బడిలో బట్టీ పట్టినవాణ్ణి. చెప్పే డిక్లరేటివ్, అడిగే ఇంటరాగేటివ్, ఆజ్ఞాపించే ఇంపరేటివ్, ఆశ్చర్యపోయే ఎక్స్‌క్లమేటరీ. నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్పేవాణ్ణి. మీతో నిజంగా నోరు విప్పాల్సి వస్తే మాత్రం ఐదో రకంలోకి జారుకునేవాణ్ణి. దాని పేరు మౌనం.

ముందు మీ కుర్చీ సంగతి తేల్చుకోవాలి. క్రియకు ముందు సబ్జెక్ట్ అని ఒక కుర్చీ వేస్తారు. అది ఖాళీగా ఉంటే మీకు నిద్ర పట్టదు. మాకు వాన పడుతుంది. పడేది వానే కాబట్టి కర్తా వానే. మీకేమో 'ఇట్ ఈజ్ రెయినింగ్'. ఎవరండీ ఈ ఇట్? ఆకాశమా? మబ్బా? ఎవరూ కాదట, డమ్మీ సబ్జెక్ట్ అని మీ వ్యాకరణంవాళ్లే ఒప్పుకున్నారు. ఆలస్యమైనా ఆయనే, చలి పెట్టినా ఆయనే. ఆయన సెలవులో ఉంటే 'దేర్' గారు వచ్చి కూర్చుంటారు. గదిలో ఎవరూ లేరని చెప్పడానికి కూడా 'దేర్ ఈజ్ నోబడీ' అంటూ ఒకర్ని కూర్చోబెట్టాల్సిందే! మేం "వచ్చాను" అంటే చాలు, వచ్చిందెవరో ఆ చివరి 'ను' చెప్పేస్తుంది. "ఆయన మా మాస్టారు" అన్నప్పుడైతే క్రియ కూడా అక్కర్లేదు.

కర్త విషయంలో ఇంత పట్టింపు ఉన్నవారు ఆజ్ఞ ఇచ్చేటప్పుడు ఏం చేస్తారు? 'సిట్ డౌన్' అంటారు. 'యూ' ఏమైపోయింది? లోపల దాక్కుందని మనమే అర్థం చేసుకోవాలట. వాన కోసం లేని మనిషిని తెచ్చి కూర్చోబెట్టినవారు, ఎదురుగా ఉన్న మనిషికి కుర్చీ లాగేసి మరీ కూర్చోమంటారు.

పైగా మర్యాద అవసరమైన చోట మీ ఆజ్ఞలు ఆజ్ఞల వేషంలో రావు. 'కుడ్ యూ క్లోజ్ ద డోర్?' అంటారు. చూడ్డానికి ప్రశ్నే. "వేయగలనండీ, చేతులు బాగానే ఉన్నాయి" అని జవాబిచ్చి కదలకుండా కూర్చుంటే మొద్దునంటారు. 'హూ కేర్స్?' అనేదీ ప్రశ్నే, కానీ పట్టించుకునేవాళ్ల పేర్లు చదివితే కొట్టేలా చూస్తారు. 'ఐ వండర్ ఇఫ్ యూ కుడ్ హెల్ప్ మీ' అన్నదానికి చివర ఫుల్‌స్టాపే, లోపలంతా బతిమాలడమే. ఆ నాలుగు పేర్లూ మీ వేషానికే గానీ మీ మనసులో మాటకి కావని బడిలో ఒక్క ముక్క చెప్పి ఉంటే, నా ఐదో రకం అంత పెద్దదయ్యేది కాదు.

ఇక ప్రశ్నలు. మాకు "వచ్చాడు" చివర దీర్ఘం తీస్తే "వచ్చాడా" అవుతుంది. మీరు 'డిడ్' అనే కూలీని పిలిపిస్తారు. వాడు రాగానే 'కేమ్' దగ్గరున్న భూతకాలాన్ని లాక్కుంటాడు, అది 'కమ్' అయిపోతుంది. ఇది తెలియక 'డిడ్ హీ కేమ్' అని రాసి ఎంత ఎర్ర సిరా ఖర్చు చేయించానో! సరే, ప్రశ్నలో వరస తిప్పాలని నేర్చుకున్నాను. 'వేర్ ఈజ్ హీ?' ఒప్పే. అదే ధైర్యంతో 'ఐ డోంట్ నో వేర్ ఈజ్ హీ' అన్నాను. తప్పట, ఇంకో వాక్యం లోపలికి వెళ్తే తిప్పకూడదట, 'వేర్ హీ ఈజ్' అనాలట. ఆ మనిషి ఎక్కడున్నాడో తెలియదని మొత్తుకుంటుంటే, 'ఈజ్' ఎక్కడుండాలో నాకేం తెలుస్తుంది?

ఆశ్చర్యాల గురించి ఎక్కువ చెప్పను. పక్కన ఆశ్చర్యార్థకం పెట్టినంత మాత్రాన 'వుయ్ వన్!' ఎక్స్‌క్లమేటరీ కాదట, రూపంలో అది మామూలు డిక్లరేటివేనట. 'వాట్' గానీ 'హౌ' గానీ ముందు నడవాలట. కాబట్టి పాము కనబడ్డవాడు పరుగు ఆపి, వరస సరిచూసుకుని, 'వాట్ ఎ లాంగ్ స్నేక్ ఇట్ ఈజ్!' అని ఆ తర్వాతే పరిగెత్తాలి.

మీ కొలతలు కూడా అంతే. 'ఐ నో హీ లైడ్' నాలుగే మాటలు, కానీ వాక్యంలో ఇంకో వాక్యం దూరింది కాబట్టి దాని పేరు కాంప్లెక్స్. విరిగిన గొడుగుతో ఏటి గట్టున మెల్లగా నడిచి ఇల్లు చేరిన ముసలాయన గురించి మూరెడు రాసినా, క్రియ ఒక్కటే ఉంటే అది సింపుల్. ముసలాయన కష్టం మీకు లెక్కలేదు. 'ఆల్దో' పెట్టాక 'బట్' పెట్టొద్దన్న మాట మాత్రం ఒప్పుకుంటాను. "వాన పడినా వెళ్లాడు" అని మేం ఒక్క దీర్ఘంతో తేల్చే పనికి ఇద్దరు కాపలావాళ్లు దండగ.

జవాబు రాయండి. 'ఎస్' అని ఒక్క ముక్క రాసి తప్పించుకోవద్దు, పూర్తి వాక్యంలో రాయాలి. మమ్మల్ని అలాగే రాయించారు.

ఇట్లు
(కంగారు పడకండి, ఇది మీ 'ఇట్'కి బహువచనం కాదు)