మహారాజశ్రీ పెద్ద స్కానర్ గారికి, ఒక కాలువ విషయమై

మహారాజశ్రీ ఏ-జీరో స్కానర్ గారి సముఖమునకు, ఒక డ్రాఫ్ట్స్‌మన్ కొడుకు వ్రాయు విన్నపం. ఉభయకుశలోపరి.

మొన్న హైదరాబాదులో ఒక ప్రింటింగ్ షాపులో తమ దర్శనభాగ్యం కలిగింది. బయట జిరాక్స్ మిషన్లు ఆవిర్లు కక్కుతున్నాయి, మేము చెమటలు కక్కుతున్నాం. తమరు మాత్రం అద్దాల గదిలో ఏసీ కింద కొలువుదీరి ఉన్నారు. నోరు 36 అంగుళాల వెడల్పు. నేను చంకలో కాగితం చుట్ట పెట్టుకుని, గుడి ముందు పూజ బుట్ట పట్టుకున్నవాడిలా నిలబడ్డాను.

ఆ చుట్టలో ఏముందో తమరు అడగలేదు. అడిగే అలవాటు తమకు లేదని తెలుసు కాబట్టి నేనే చెబుతున్నాను. మా నాన్నగారు గోదావరి జిల్లాలో ఇరిగేషన్ డ్రాఫ్ట్స్‌మన్. 1974లో ట్రేసింగ్ పేపరు మీద ఇంకుతో గీసిన ఒక పిల్లకాలువ ప్లాను అది. ఇంకు గీత తప్పితే రబ్బరుకి లొంగదు. సగానికి విరిచిన బ్లేడుతో గీకి, ఆ చోటుని గోటితో రుద్ది నున్నగా చేసి మళ్ళీ గీసేవారు. కాగితాన్ని వెలుతురుకి పట్టి చూస్తే ఆ గీకుళ్ళు ఇప్పటికీ కనిపిస్తాయి. కాలువ మాత్రం ఎక్కడా కనిపించదు. ఫైలు తిరిగింది, అంచనాలు సవరించారు, సర్వే మళ్ళీ చేశారు, ఆఫీసర్లు మారారు. కాలువ కాగితం దిగి రాలేదు.

దాన్ని తమరు ఒక్క నిమిషంలో తవ్వేశారు. ఇది పొగడ్త అనుకోకండి.

తమ కన్ను కదలదు. కాగితమే రోలర్ల కింద నడిచి తమ ముందు నుంచి సాగిపోతుంది. కాగితాన్ని కదలకుండా పరిచే ఫ్లాట్‌బెడ్ స్కానర్లో గాజు మీద నలక పడితే బొమ్మలో ఒక చుక్క పడి ఊరుకుంటుంది. తమ గాజు మీద నలక కూర్చుంటే, కాగితం ఈ చివర నుంచి ఆ చివరదాకా ఒక గీత. ఏ-జీరో అంటే 841 మిల్లీమీటర్లకి 1189, దాదాపు ఒక చదరపు మీటరు. ఆ మీటరు నేల మీద నాన్న కాలువకి పక్కనే, భూసేకరణ లేకుండా, టెండరు లేకుండా, వంకర లేకుండా మరో కాలువ! మా జిల్లా మొత్తంలో అంత తిన్నగా తవ్విన కాలువ నేను చూడలేదు.

పైగా తమకు కాలు జారే అలవాటు కూడా ఉంది. ట్రేసింగ్ పేపరు నునుపు, తమ రోలర్లు అరిగినవి, కాగితం కాస్త పక్కకి జరిగింది. 1 మిల్లీమీటరే కదా అంటారేమో. ఆ ప్లాను స్కేలు 1:1000. కాగితం మీద 1 మిల్లీమీటరు జరిగితే నేల మీద 1 మీటరు. అంటే నాన్న ఎవరి గట్టూ తగలకుండా తిప్పిన కాలువని తమరు పక్క సర్వే నంబరులోకి నడిపించారు. అసలే లేని కాలువ మీద కోర్టు కేసు వేయించగల సత్తా తమది.

తమ పెట్టె మీద ‘9600 డీపీఐ’ అని, అంటే అంగుళానికి 9600 చుక్కలని, అంటించిన స్టిక్కరు చూశాను. పెళ్ళిళ్ళ పేరయ్య చెప్పే ఎకరాల్లాంటివి ఆ 9600. తమ కన్ను నిజంగా చూసేది 1200 దాకానే. ఆపైనంతా ఈ చుక్కకీ ఆ చుక్కకీ మధ్య ఇలా ఉంటుందేమోనని సాఫ్ట్‌వేర్ ఊహించి నింపే ముచ్చట. నిజానికి నాన్న గీతకి 400 చాలు. రంగుల్లో 400 దగ్గర ఏ-జీరో కాగితం దాదాపు 25 కోట్ల చుక్కలు, కుదించకపోతే ముప్పావు జీబీ. తమ దగ్గర కూర్చునే కుర్రాడు ఆ మాట వినగానే, ‘వాట్సాప్ చేస్తనంకుల్’ అన్నాడు. పాతిక కోట్ల చుక్కల్ని పాలపొడి డబ్బాలో కుక్కి పంపేవాడు, పెన్‌డ్రైవ్ చూపించి ఆపాను.

ఆ కుర్రాణ్ణి మరో మాట కూడా అడిగాను. ‘పాత కాగితం బాబూ, నలుగుతుంది, పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ కవరు ఉందా, అందులో పెట్టి లోపలికి పంపుదాం’ అని. ‘ఏం గాదంకుల్, మస్తు మిషన్’ అన్నాడు. తమ మీద భక్తి అంతటిది. ఆ భక్తితోనే, ‘పొడవుకి లిమిట్ లేదంకుల్, ఎంత చుట్టైనా మింగుతది’ అని గొప్ప చెప్పాడు. నాకు వెంటనే చేర్యాల నకాషీ పటాలు గుర్తొచ్చి గుండె జల్లుమంది. ఖద్దరు గుడ్డకి చింతగింజల గంజి, సుద్దమట్టి పట్టించి, దాని మీద కులపురాణాలు బొమ్మలుగా వేసి, కథ చెబుతూ విప్పుకుంటూ పోయే చుట్టలవి. పొడవు చూసి తమరు మురిసిపోతారు. కానీ రోలర్ల కింద ఆ పూత పగిలి రాలితే, కథలో దేవుడి ముఖం తమ గాజు మీద నలకగా మిగులుతుంది. అలాంటివాటికి పైనుంచి కెమెరాతో తీసే పద్ధతులు ఉన్నాయి. బొగ్గుతో వేసిన బొమ్మలకీ, పేస్టల్ బొమ్మలకీ అంతే. తమరు దయచేసి ఆ వైపు చూడకండి.

అసలు ఫిర్యాదు ఇంకా చెప్పలేదు.

ఆ ప్లాను కింద కుడి మూల, ప్లాను పేరూ వివరాలూ రాసే టైటిల్ బ్లాకు పైన, నాన్న పెన్సిలుతో ఒక బొమ్మ వేశారు. అప్పటి ఇంజనీరు గారిది. బొమ్మలో మూడొంతులు ముక్కే. ఇలాంటివి నాన్న చాలా వేసేవారని అమ్మ చెప్పేది. ప్లాను పైకి పంపే ముందు రబ్బరుతో తుడిచేసేవారట. ఈ ఒక్క కాగితం ఎందుకో తప్పించుకుంది.

తమ దగ్గర తప్పించుకోలేదు. ట్రేసింగ్ పేపరు బూడిదరంగుగా వస్తోందని కుర్రాడు బ్లాక్ అండ్ వైట్‌లో పెట్టి, బ్యాక్‌గ్రౌండ్ తీసేశాడు. ఇంకు నల్లగా నిగనిగలాడుతూ వచ్చింది. లేత పెన్సిలు గీతలన్నీ మురికి కిందే లెక్క, పోయాయి. ఇంజనీరు గారు ముక్కుతో సహా మాయం. తమరు ఏ జన్మలోనో హెడ్ గుమాస్తా అయి ఉంటారు.

ఇంటికొచ్చి కంప్యూటర్లో చూసుకుని, మర్నాడు మళ్ళీ వచ్చాను. ఈసారి బూడిదరంగు ఛాయలు కూడా పట్టే గ్రేస్కేల్ అన్నాను, 400 అన్నాను, ప్లాస్టిక్ కవరు నేనే కొనుక్కుని తెచ్చాను. గాజు తుడవమంటే కుర్రాడు తన టీషర్టు అంచుతో తుడిచాడు. చదరపు అడుగుల లెక్కన 10.76ని 11 చేసి మళ్ళీ డబ్బు కట్టించుకున్నాడు. తమరు గురక పెడుతూ మింగారు, కక్కారు.

ముక్కు వచ్చింది. మీసం వచ్చింది. బ్లేడు గీకుళ్ళు కూడా మసకగా వచ్చాయి. తమ కాలువా వచ్చింది. టీషర్టు పుణ్యమా అని నలక పక్కకి జరిగినట్టుంది, ఈసారి కాలువ సరాసరి ఇంజనీరు గారి ముక్కు మధ్య నుంచి పోయింది.

‘సారీ అంకుల్, ఫోటోషాప్‌లో ఆ గీత తీసేస్తా, రెండు నిమిషాలు’ అన్నాడు కుర్రాడు.

ఉంచెయ్యమన్నాను.

ఇట్లు,
తమ దగ్గర రెండుసార్లు డబ్బు కట్టిన
విధేయుడు